జూన్‌లో బడి తెరవకముందే: క్లాసులో ఏడిపించడం మొదలుకాకుండా

చెన్నైలో జూన్‌లో బడులు తెరుస్తారు. ఎవరిని ఏడిపిస్తే ఎవరూ అడగరో పిల్లలు చాలావరకు మొదటి రెండు మూడు వారాల్లోనే కనిపెట్టేస్తారు. కాబట్టి జాగ్రత్త ఇప్పుడే కావాలి.

తెలుగు పిల్లలకు ఇక్కడ ఒక బెడద ఎక్కువ: ‘గొల్టి’ అన్న పిలుపు (తెలుగువాళ్లను వెక్కిరించే మాట). ‘తమిళ్’ అనే మాట చివర తమిళంలో ఉండే ప్రత్యేక అక్షరం ‘ழ’ మన నోట మామూలు ‘ళ’ అయిపోతుంది, క్లాసంతా నవ్వుతుంది. కొత్తగా చేరిన పిల్లను మొదటి నెల ఒంటరిగా నిలబెట్టి పాఠం చదివించకండి. పక్కనున్న పిల్లతో జంటగా చదివించండి. ఆ నవ్వులో టీచర్ కూడా కలిస్తే ఇక ఆపడం కష్టం, పిల్లలు దాన్ని అనుమతిగానే తీసుకుంటారు.

గొడవలు పెద్దవాళ్లు లేని నిమిషాల్లో పుడతాయి: పీరియడ్ మారేటప్పుడు, టాయిలెట్ దగ్గర, నీళ్ల కుళాయి దగ్గర, వ్యాన్ వెనక సీట్లో. తర్వాతి టీచర్ వచ్చేదాకా ముందు టీచర్ గది వదలకూడదు. రెండు వారాలకోసారి సీట్లు మార్చాలి. ఆటల్లో జట్లు పిల్లల చేత ఎంపిక చేయించకండి, ఆఖరున మిగిలే పిల్లాడు రోజూ ఒకడే అవుతాడు.

ఫిర్యాదు వస్తే ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి ‘సారీ చెప్పు’ అనిపించడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. దెబ్బ తిన్న పిల్ల భయంతో నోరు విప్పదు, సాయంత్రం వ్యాన్‌లో ఇంకో నాలుగు పడతాయి. విడివిడిగా మాట్లాడండి. తేదీ, సమయం, చోటు, అన్న మాటలు, చూసినవాళ్ల పేర్లు అదే రోజు రాసిపెట్టండి. మర్నాడు, వారానికి, మూడు వారాలకు ఆ పిల్లను మళ్లీ పలకరించండి.

ఇంట్లో గమనించాల్సినవి: నీళ్ల సీసా నిండుగా తిరిగిరావడం (టాయిలెట్‌కి వెళ్లడానికి భయపడి తాగని పిల్లలున్నారు), పెన్సిళ్లు తరచూ పోవడం, ఆదివారం రాత్రి కడుపునొప్పి. ‘ఎవరైనా ఏడిపించారా?’ అంటే ‘లేదు’ అనే వస్తుంది. ‘లంచ్‌లో ఎవరి పక్కన కూర్చున్నావమ్మా?’ అని అడగండి. వాట్సాప్‌లో వెక్కిరిస్తే, చెరిపేసేలోపే నంబరు, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీయండి.

బడి పట్టించుకోకపోతే తమిళనాడు విద్యాశాఖ సహాయ నంబరు 14417, పిల్లల సహాయ నంబరు 1098. లైంగికంగా తాకితే అది బడిలో రాజీ చేసుకునే విషయం కాదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే.