జెఫర్సన్ రచనలను ఎలా చదవాలి

అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ రచనలు చదవాలనుకునేవారికి మొదట ఎదురయ్యే చిక్కు ఎక్కడ మొదలుపెట్టాలన్నదే. పూర్తిస్థాయి గ్రంథమని చెప్పుకోదగినది ఆయన రాసింది ఒక్కటే, వర్జీనియా రాష్ట్రం గురించిన వ్యాఖ్యలు. మిగిలినదంతా ఉత్తరాలు, చిత్తుప్రతులు, చట్టాల ముసాయిదాలు, తోటల దినచర్యలు, లెక్కల పుస్తకాలు. ఉత్తరాలే సుమారు పంతొమ్మిది వేలు ఉంటాయి. వీటిని కాలక్రమంలో మొదటినుంచి చివరిదాకా చదవబూనితే ఏళ్లు గడుస్తాయే తప్ప మనిషి అర్థం కాడు. ఏరి చదవాలి, ఏరినదాన్ని పక్కన మరొకటి పెట్టుకొని చదవాలి.

ఎక్కడ మొదలుపెట్టాలో ఒక విధంగా ఆయనే చెప్పి వెళ్లాడు. తన సమాధి మీద చెక్కవలసిన మాటలను ఆయన స్వయంగా రాసి ఉంచాడు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రచయిత, వర్జీనియా మతస్వేచ్ఛా చట్టకర్త, వర్జీనియా విశ్వవిద్యాలయ పిత అన్న మూడింటినే పేర్కొన్నాడు. ఎనిమిదేళ్లు అధ్యక్షుడిగా పనిచేసిన సంగతి అందులో లేదు. ఈ మూడింటిలో మొదటి రెండూ రచనలే కాబట్టి వాటితోనే ఆరంభించడం మంచిది.

స్వాతంత్ర్య ప్రకటనను అచ్చులో కనిపించే తుది రూపంలో మాత్రమే చదివి ఊరుకోకండి. 1821లో, 77 ఏళ్ల వయసులో, జెఫర్సన్ స్వీయచరిత్ర రాయడం ఆరంభించి 1790 మార్చి దాకా వచ్చి ఆపేశాడు. అందులో ఆ ప్రకటన చిత్తుప్రతిని పూర్తిగా ఇస్తూ, కాంగ్రెస్ కొట్టివేసిన భాగాల కింద గీతలు గీసి, చేర్చిన మాటలను పక్కన చూపించాడు. రచయిత రాసినదేదో సభ మార్చినదేదో ఒకే పుటలో కనిపించే అవకాశం ఇలాంటి పత్రాల విషయంలో అరుదు. కొట్టివేసిన వాటిలో అన్నిటికన్నా పెద్దది బానిసల వ్యాపారానికి బ్రిటిష్ రాజును బాధ్యుణ్ణి చేస్తూ సాగిన తీవ్రమైన ఖండన. దక్షిణ కరోలినా, జార్జియాల మనసు నొప్పించకుండా ఉండటానికే దాన్ని తీసేశారని జెఫర్సన్ అక్కడే రాశాడు, ఆ వ్యాపారంలో ఓడలు నడిపిన ఉత్తరాదివారికి కూడా అది నచ్చలేదని చేర్చాడు. ఆ భాగాన్ని రెండుసార్లు చదవండి. బానిసత్వాన్ని అంత ఘాటుగా నిందించిన కలం పట్టిన వ్యక్తి జీవితకాలంలో ఆరువందల మందికి పైగా మనుషులను బానిసలుగా ఉంచుకున్నాడు. ఆయన రచనలు చదివేవారెవరూ ఈ విషయాన్ని దాటవేయలేరు, దాటవేయకూడదు కూడా.

మతస్వేచ్ఛా చట్టం చిన్నది, ఒక పూటలో చదివేయవచ్చు. 1777లో రాసిన ఈ ముసాయిదా 1786 జనవరిలో గాని చట్టం కాలేదు. అప్పటికి జెఫర్సన్ పారిస్‌లో రాయబారిగా ఉన్నాడు. సభలో దాన్ని గట్టెక్కించినవాడు జేమ్స్ మాడిసన్. దీనికి జతగా 1802 జనవరి 1న డాన్‌బరీ బాప్టిస్టులకు రాసిన ఉత్తరం చదవాలి. మతానికీ ప్రభుత్వానికీ నడుమ అడ్డుగోడ అన్న ప్రసిద్ధమైన మాట ఉన్నది ఆ ఉత్తరంలోనే. రాజ్యాంగంలో ఆ మాట ఉందని పొరబడేవారు చాలామంది ఉన్నారు. 1879లోనూ 1947లోనూ సుప్రీం కోర్టు తన తీర్పుల్లో ఉదహరించడం వల్లనే దానికి అంత బలం వచ్చింది.

ఉత్తరాల దగ్గరికి వచ్చేసరికి ఒక నియమం పెట్టుకోవాలి. ప్రతి ఉత్తరానికీ తేదీ, ఊరు, ఎవరికి రాశాడు, దేనికి జవాబుగా రాశాడు అన్న నాలుగు వివరాలు ముందు కాగితం మీద రాసుకొని, ఆ తర్వాతే అసలు విషయంలోకి దిగాలి. ఇది పాండిత్య ప్రదర్శన కోసం చేసే పని కాదు, అవసరం. 1787 జనవరిలో పారిస్ నుంచి ఎడ్వర్డ్ క్యారింగ్టన్‌కు రాస్తూ, పత్రికలు లేని ప్రభుత్వం, ప్రభుత్వం లేని పత్రికలు అన్న రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోమంటే రెండోదాన్నే ఎంచుకుంటానన్నాడు. 1807 జూన్‌లో, అధ్యక్షుడిగా ఉండగా, పత్రిక నడపాలనుకున్న జాన్ నార్వెల్‌కు రాస్తూ, పత్రికలో కనిపించే ఏ సంగతినీ ఇప్పుడు నమ్మలేమన్నాడు. మొదటి మాట గోడలకెక్కింది, రెండోది తెలిసినవారు తక్కువ. రెంటినీ తేదీలతో సహా చదివినవారికి, దూరాన ఉన్న రాయబారి ఆశకూ పత్రికల విమర్శలతో విసిగిపోయిన పాలకుడి చేదుకూ మధ్య ఇరవై ఏళ్ల ప్రయాణం కనిపిస్తుంది.

ఎవరికి రాశాడన్నది తేదీకన్నా కూడా ముఖ్యమని నా అభిప్రాయం. దీనికి బెంజమిన్ బన్నెకర్ ఉదంతాన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. వర్జీనియా గ్రంథంలోని పద్నాలుగో అధ్యాయంలో జెఫర్సన్ నల్లజాతివారి బుద్ధిశక్తిని కించపరుస్తూ రాశాడు. చదవడానికి బాధగా ఉన్నా ఆ పుటలను వదలకూడదు. 1791 ఆగస్టులో, స్వయంకృషితో ఖగోళ గణితం నేర్చుకున్న నల్లజాతీయుడు బన్నెకర్, తాను తయారుచేసిన పంచాంగపు రాతప్రతిని పంపుతూ, స్వాతంత్ర్య ప్రకటనలోని మాటలనే ఎత్తిచూపి జెఫర్సన్‌ను నిలదీశాడు. జెఫర్సన్ ఆగస్టు 30న మర్యాదగా జవాబిచ్చాడు. ఆ పంచాంగాన్ని పారిస్‌లోని గణిత పండితుడు కొందోర్సేకు పంపానని, ఇలాంటి నిదర్శనాలు చూడాలని తనకన్నా ఎక్కువగా కోరుకునేవారు లేరని రాశాడు. 1809 అక్టోబరులో జోయెల్ బార్లోకు రాసిన ఉత్తరంలో మాత్రం, బన్నెకర్ బుద్ధి చాలా సామాన్యమైనదని తీసిపారేశాడు. బన్నెకర్ అప్పటికి మూడేళ్ల క్రితమే చనిపోయాడు. ఈ నాలుగింటినీ, బన్నెకర్ ఉత్తరంతో సహా, ఒకే రోజున వరుసగా చదవండి. బన్నెకర్ వాక్యాలలోని నిబ్బరం ముందు ఆ చివరి ఉత్తరం ఎంత చిన్నదైపోతుందో చూస్తారు.

అదే గ్రంథంలోని పదిహేడు, పద్దెనిమిది అధ్యాయాలు తప్పక చదవవలసినవి. పదిహేడోది మతం గురించి. పొరుగువాడు ఇరవైమంది దేవుళ్లున్నారన్నా, దేవుడే లేడన్నా తనకు నష్టం లేదన్న వాక్యం అందులోదే, 1800 ఎన్నికల్లో ప్రత్యర్థులు ఆయన మీద ప్రయోగించినదీ అదే. పద్దెనిమిదోది బానిసత్వం యజమానుల నడతను ఎలా చెడగొడుతుందో చెప్పేది. దేవుడు న్యాయమూర్తి అని తలచుకుంటే నా దేశం గురించి వణుకు పుడుతోంది అన్న మాట అక్కడ ఉంది. దాని తర్వాత 1820 ఏప్రిల్‌లో జాన్ హోమ్స్‌కు రాసిన ఉత్తరానికి వెళ్లండి. తోడేలును చెవులు పట్టుకొని ఉన్నాం, పట్టుకోనూలేం, వదలనూలేం అంటాడు. మనం పులిమీద స్వారీ అనే స్థితి అది. వణికిన మనిషి ముప్పై ఐదేళ్లకు పైగా గడిచాక కూడా ఎందుకు కదలలేదో అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

తనకు ముందు అధ్యక్షుడిగా ఉన్న జాన్ ఆడమ్స్‌తో నడిచిన ఉత్తరాలను మాత్రం ఏరకుండా వరుసగా చదువుకోవచ్చు. రాజకీయాల వల్ల తెగిపోయిన స్నేహం ఇద్దరికీ మిత్రుడైన బెంజమిన్ రష్ పూనికతో 1812 జనవరిలో ఆడమ్స్ రాసిన ఉత్తరంతో మళ్లీ చిగురించి, ఇద్దరూ 1826 జులై 4న, ఒకేరోజున కన్నుమూసిన ఏడాది దాకా సాగింది. వృద్ధాప్యం, దుఃఖం, మతం, గ్రీకు భాష, అన్నీ ఉన్నాయి వాటిలో.

మూలపాఠం కోసం అమెరికా జాతీయ పురాభిలేఖాగారం నిర్వహించే ఫౌండర్స్ ఆన్‌లైన్‌ను వాడండి. ఉచితం, తేదీని బట్టీ పేరును బట్టీ వెతకవచ్చు, జవాబులూ దొరుకుతాయి. అక్కడ దొరకని సూక్తిని జెఫర్సన్ పేరుతో ఎవరైనా చెబితే ముందు అనుమానించండి. అసమ్మతే అత్యున్నతమైన దేశభక్తి అన్న మాటకు ఆయన రాతల్లో ఆధారమే లేదు. ఆయన తన ఉత్తరాలకు నకళ్లు తీసి దాచుకున్నవాడు, 1804 నుంచి రెండు కలాలు ఒకేసారి కదిలే యంత్రంతో రాసినవాడు, వచ్చినవీ పంపినవీ 1783 నుంచి చిట్టాలో ఎక్కించినవాడు. అలాంటి మనిషి మాట ఆధారం లేకుండా గాలిలో తేలుతోందంటే అది ఆయనది కాకపోవడానికే ఎక్కువ అవకాశం.

ఇంత పదిలంగా దాచుకున్న రాతల్లోనూ మౌనాలున్నాయి. ఆయన ఎస్టేటు మాంటిచెల్లోలో బానిసగా ఉన్న శాలీ హెమింగ్స్ గురించి ఉత్తరాలు పెదవి విప్పవు. జెఫర్సనే తన తండ్రి అంటూ ఆమె కుమారుడు మాడిసన్ హెమింగ్స్ చెప్పిన జ్ఞాపకాలు 1873లో ఒహాయో పత్రికలో అచ్చయ్యాయి, 1998 నాటి డీఎన్ఏ పరీక్ష ఆ కుటుంబం చెప్పుకున్న మాటకు బలమిచ్చింది. కాబట్టి ఆ జ్ఞాపకాలను కూడా జెఫర్సన్ సాహిత్యంలో భాగంగానే ఎంచి చదవాలి. వాటితోపాటు వ్యవసాయ లెక్కల పుస్తకం తెరవండి. బానిసల పేర్లు, పుట్టిన సంవత్సరాలు, ఎవరికి ఎంత బట్ట, ఎవరికి దుప్పటి, ఎవరికి ఎన్ని చేపలు అన్నవి ఆయన చేతిరాతలోనే కనిపిస్తాయి. కొన్ని పేర్లు ఎత్తి రాసుకోండి.

చివరగా 1826 జూన్ 24న రోజర్ వైట్‌మన్‌కు రాసిన ఉత్తరం చదవండి. మానవజాతి వీపుమీద జీనుతో పుట్టలేదని, బూట్లు తొడుక్కొని వాళ్లమీద ఎక్కడానికి ఏ కొందరూ పుట్టలేదని అందులో రాసిన ఆయన, పదిరోజులకు మరణించాడు. అప్పులు మిగిలాయి. వీలునామా ఐదుగురు బానిసలకు విముక్తినిచ్చింది. 1827 జనవరిలో మాంటిచెల్లోలో జరిగే వేలంలో సుమారు 130 మందిని అమ్ముతామంటూ ప్రకటన వెలువడింది. ఉత్తరం మూసి, ఆ ప్రకటనను, దాని పక్కన మీరు ఎత్తి రాసుకున్న పేర్లను పెట్టుకొని చదవండి.