పాటలో నచ్చిన ముక్కను ఫోన్ రింగ్‌టోన్‌గా చేసుకోవడం ఎలా?

పాట మొత్తం రింగ్‌టోన్‌గా పెట్టుకుంటే ఓ చిక్కుంది. పల్లవి అందుకునేలోపే ఫోన్ ఎత్తేస్తాం, లేదంటే మెల్లగా మొదలయ్యే సంగీతం వినపడక కాల్ పోగొట్టుకుంటాం. నచ్చిన ముక్క కత్తిరించి పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

ముందు పాట ఫైలు కంప్యూటర్‌లో ఉండాలి. స్ట్రీమింగ్ యాప్‌లో డౌన్‌లోడ్ చేసింది సాధారణంగా ఆ యాప్‌లో తప్ప తెరుచుకోదు. కొనుక్కున్న ఎంపీ3 అయినా, సీడీ నుంచి ఎక్కించుకున్నదైనా సరే. కత్తిరించడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ చాలు. ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది.

1. ఆడాసిటీ తెరిచి పాటను అందులోకి లాగి వదలండి. శబ్దం అలల్లా కనిపిస్తుంది. స్పేస్ బార్ నొక్కితే పాట మోగుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది.

2. కావలసిన ముక్కను మౌస్‌తో ఎంచుకోండి. 25 నుంచి 30 సెకన్లు చాలు. పనితనమంతా మొదలు ఎక్కడ పెడతారన్న దాంట్లోనే ఉంది. మాట దగ్గరే కోస్తే 'మనసా' కాస్తా 'నసా' అవుతుంది. కంట్రోల్+1 (మ్యాక్‌లో కంట్రోల్ బదులు కమాండ్) నొక్కి దగ్గరగా చూడండి: పెద్ద అలకు ముందు సన్నగా నూగులా కనిపించేది చాలాసార్లు గాయకుడు ఊపిరి తీసుకున్న చప్పుడు. అక్కడి నుంచి ఎంచుకుని, జెడ్ నొక్కండి. కోసిన చోట 'టప్' మనకుండా అంచులు సర్దుకుంటాయి.

3. కంట్రోల్+సి, తర్వాత కొత్త ప్రాజెక్టుకు కంట్రోల్+ఎన్, అందులో కంట్రోల్+వి.

4. చివరి రెండు సెకన్లు ఎంచుకుని ఎఫెక్ట్ మెనూలో ఫేడ్ అవుట్ ఇవ్వండి, శబ్దం మెల్లగా తగ్గి ఆగుతుంది. తర్వాత మొత్తం ఎంచుకుని, శబ్దం స్థాయిని సర్దే నార్మలైజ్ ఇవ్వండి, మైనస్ 1 డెసిబెల్ దగ్గర. ఇంకా పెంచాలని ఆశపడితే గొంతు బొంగురుపోతుంది.

5. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్‌కి వెళ్లి ఎంపీ3గా భద్రపరచండి. నాణ్యత 192 కేబీపీఎస్ పెడితే సరిపోతుంది.

ఆండ్రాయిడ్ ఫోన్ అయితే కేబుల్ పెట్టి, ఫోన్ తెరమీద 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకుని, రింగ్‌టోన్స్ ఫోల్డర్‌లో ఫైలు వేయండి. సెట్టింగ్స్‌లో సౌండ్ కింద ఆ పేరు కనిపిస్తుంది.

ఐఫోన్‌తో కాస్త తిరుగుడు. కంప్యూటర్ నుంచి పంపాలంటే ఎం4ఆర్ (ఐఫోన్ రింగ్‌టోన్ రకం) ఫైలు కావాలి, 40 సెకన్లు దాటకూడదు. కంప్యూటర్‌లోని మ్యూజిక్ యాప్‌లో గానీ ఐట్యూన్స్‌లో గానీ కన్వర్ట్ కింద ఏఏసీ ప్రతి (ఎం4ఏ అనే ఆడియో ఫైలు) చేయించి, ఫైలు పేరు చివర ఎం4ఏ తీసేసి ఎం4ఆర్ అని మార్చండి. ఫోన్ కలిపి, మ్యాక్‌లో ఫైండర్ పక్క వరుసలోని మీ ఫోన్ పేరు మీదికి లాగి వదలండి.

నేను మొదటిసారి చేసినప్పుడు డప్పు దరువున్న ముక్క ఏరుకున్నాను. హెడ్‌ఫోన్‌లో అదిరిపోయింది, ఫోన్‌లో పెడితే దరువే మాయం. అంత చిన్న స్పీకర్‌లో లోతైన మోత పలకదు మరి. గొంతు, వేణువు, వయొలిన్ ఉన్న చోటు మేలు. ఫోన్ జేబులో పెట్టుకుని ఇంకో ఫోన్ నుంచి ఒకసారి కాల్ చేయించుకోండి. వినపడకపోతే మళ్లీ రెండో అంకెకు వెళ్లి ఇంకో చోటు వెతుక్కోవడమే.