కోన్ ఫిల్టర్ వేశాక పాత ఎస్‌యూవీ మొరాయిస్తోందా? టర్బో మార్చే ముందు బ్రీతర్ పైపు చూడండి

పాత స్కార్పియో, సఫారీ, మొదటి తరం ఫార్చ్యూనర్, బండి ఏదైనా కోన్ ఫిల్టర్ (కంపెనీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి ఆ చోట వేసే శంఖం ఆకారపు ఫిల్టర్) వేశాక వచ్చే తంటాలు దాదాపు ఒకటే. ఎలా బిగించాలో ఇక్కడ చెప్పడం లేదు. డబ్బా విప్పడం, పైపు తొడగడం మీకో మీ మెకానిక్‌కో వచ్చే ఉంటుంది. బిగించాక బండి మాట వినకపోతే ఎక్కడ వెతకాలో మాత్రమే చెబుతాను.

ముందే ఒక మాట. ఇంజిన్ కంపెనీ ఇచ్చినట్టే ఉన్న బండికి ఈ ఫిల్టర్ వల్ల పెరిగేది ఎక్కువగా శబ్దమే. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) ఈల వినాలన్న సరదా ఉంటే వేసుకోండి, తప్పేం లేదు. పికప్ కోసమే అయితే ఆ డబ్బు పెట్టి ఇంజెక్టర్లు చెక్ చేయించుకోండి.

ఏ లక్షణం కనబడినా మొదట చేయాల్సింది ఇది: విప్పిన పాత డబ్బా, దాని రబ్బరు పైపు తెచ్చి బండి ముందు పెట్టండి. వాటికి ఎన్ని గొట్టాలు, ఎన్ని వైర్లు తగిలించే చోట్లు ఉన్నాయో లెక్కపెట్టండి. ఇప్పుడు కొత్త పైపు మీద అన్నీ ఉన్నాయో లేదో చూడండి. ఒకటి తక్కువైతే గొడవ అక్కడే. తర్వాత క్లాంపులన్నీ చేత్తో తిప్పి చూడండి. తిరిగిందంటే వదులే. రెండు నిమిషాల పని. ఇది చేయకుండా బండి కంప్యూటర్‌లోని కోడ్‌లు చదివే స్కానర్ తగిలించుకుని గంటలు గంటలు కూర్చునేవాళ్లను చూసి విసుగొచ్చింది.

వేసిన రోజే చెక్ ఇంజిన్ లైట్

గాలి కొలిచే మాఫ్ సెన్సర్ కనెక్టర్ సరిగా కూర్చోలేదు. పదింటిలో ఎనిమిది బళ్లకు ఇదే అనుకోండి. 'టిక్' మని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. స్కానర్‌లో పీ0102 అని వస్తే ఆ సెన్సర్ నుంచి వచ్చే సిగ్నల్ ఉండాల్సినదానికన్నా తక్కువగా ఉందని అర్థం. పీ0113 వస్తే గాలి ఉష్ణోగ్రత సెన్సర్ వైరు ఊడిపోయి ఉంటుంది. కొన్ని బళ్లలో అది మాఫ్‌లోనే ఉంటుంది, కొన్నింటిలో డబ్బాకు విడిగా గుచ్చి ఉంటుంది. విడిగా ఉన్నదాన్ని పాత డబ్బాతో పాటు అటకెక్కించేస్తారు.

కనెక్టర్ బాగానే ఉంటే సెన్సర్ మీద బాణం గుర్తు చూడండి. అది ఇంజిన్ వైపు చూపించాలి. తిరగేసి బిగించిన బళ్లూ వస్తుంటాయి.

మూడోది, కిట్‌తో వచ్చిన లావు పైపులో సెన్సర్ పెట్టడం. ఈ సెన్సర్ తన చుట్టూ ఉన్న గొట్టం ఫలానా సైజు అనుకుని లెక్క కడుతుంది. గొట్టం లావైతే అసలు పోయే గాలికన్నా తక్కువ చూపిస్తుంది. కంపెనీ మాఫ్ గొట్టాన్నే వాడండి, దాని ముందు వెనకా అడాప్టర్లు వేసుకోండి. మెకానికల్ పంపు ఉన్న పాత డీజిళ్లకు సాధారణంగా ఈ సెన్సరే ఉండదు కాబట్టి వాళ్లకు ఈ బాధ లేదు.

లైట్ లేదు, కానీ ట్రాఫిక్‌లో బండి బద్ధకంగా కదులుతోంది

విశాఖలో తెల్లవారుజామున భీమిలి బీచ్ రోడ్డులో రయ్యిన పోతుంది. మధ్యాహ్నం ఎన్‌ఏడీ దగ్గర ఆగి కదిలేసరికి ఎక్సలేటర్ తొక్కినా లాగదు. ఫిల్టర్ రేడియేటర్ వెనక, వేడి గాలి మధ్యలో కూర్చుంది. పాత డబ్బా బయటి గాలి తాగేది, ఇది బోనెట్ కింద ఉడికిన గాలి తాగుతోంది. స్కానర్‌లో లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత చూడండి. బండి కాసేపు మంచి స్పీడులో పోయాక కూడా అది బయటి ఎండకన్నా బాగా ఎక్కువే చూపిస్తుంటే ఫిల్టర్ చుట్టూ రేకు అడ్డం పెట్టించి, గ్రిల్ వైపు నుంచి ఒక గొట్టం లాగండి. దీనికి వేరే మందు లేదు.

ఫిల్టర్ కడిగాక నల్ల పొగ, ఐడిల్‌లో (ఎక్సలేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు) ఊగిసలాట

కాటన్ ఫిల్టర్‌కు ఆయిల్ ఎక్కువ పట్టించారు. అది ఎగిరి మాఫ్ తీగకు అంటుకుంది. మాఫ్ కోసమే అమ్మే స్ప్రే కొట్టి ఆరనివ్వండి. కార్బొరేటర్ క్లీనర్ వద్దు, కంప్రెసర్ గాలి వద్దు, తీగను గుడ్డతో ముట్టుకోవద్దు. ఫిల్టర్‌కు ఈసారి తగుమాత్రంగా ఆయిల్ వేసి, రంగు అంతటా సమంగా పాకేదాకా ఆగి బిగించండి. పోర్టు రోడ్డు, కాన్వెంట్ జంక్షన్ మీదుగా రోజూ తిరిగే బండైతే బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము ఆ ఆయిల్‌కు పట్టేస్తుంది. ప్యాకెట్ మీద రాసిన కిలోమీటర్లు మనకు వర్తించవు, ఇంకా ముందే కడగాలి.

నెలో రెండు నెలలో గడిచాక: నీలం పొగ, టర్బో పైపులో ఆయిల్, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) దగ్గర చెమ్మ

ఇక అసలు దొంగ దగ్గరికి వద్దాం. ఇది వేసిన రోజు బయటపడదు. కాబట్టి ఎవరూ ఫిల్టర్‌ను అనుమానించరు. "గురూ, టర్బో పోయిందంటున్నారు, ఎంతవుద్దేటి?" అంటూ వస్తారు. ఒక సఫారీ వేరే షెడ్డులో టర్బో మార్పించుకుని, ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేసరికి మళ్లీ అదే పొగ కక్కుతూ నా దగ్గరికి వచ్చింది. కొత్త టర్బోలో లోపం ఏమీ లేదు. ఇంజిన్ పైమూత టాపెట్ కవర్ నుంచి వచ్చే బ్రీతర్ గొట్టం నోట్లో ఒక బోల్టు దూర్చి, పైన క్లాంపు వేసి ఉంది. బోల్టు తల కొత్తగా మెరుస్తోంది, చుట్టూ గొట్టం ఉబ్బిపోయి ఉంది.

జరిగేది ఇదీ. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గాలి ఎప్పుడూ కిందికి, ఆయిల్ ఉండే గదిలోకి జారుతుంది. కొత్త ఇంజిన్‌లో తక్కువ, లక్ష దాటినదానిలో ఎక్కువ. ఆ గాలి బయటికి పోయే దారే బ్రీతర్. కంపెనీ దాన్ని మాఫ్ తర్వాత, టర్బోకు ముందు ఉండే పైపులో కలుపుతుంది. కొత్త అల్యూమినియం పైపుకు ఆ గొట్టం తగిలించే మొన, అంటే నిపుల్, ఉండదు. బిగించేవాడు గొట్టాన్ని ఏదో ఒకటి చేయాలి కాబట్టి మూసేస్తాడు. దాంతో లోపల ఒత్తిడి పెరుగుతుంది. టర్బోకు వెళ్లే ఆయిల్ పంపు తోస్తే వెళ్తుంది గానీ, తిరిగి రావడం మాత్రం తన బరువుతో కిందికి జారడమే. కింద ఒత్తిడి ఉంటే జారదు. టర్బోలో నిండిపోయి సీళ్ల పక్కనుంచి ఒకవైపు టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పైపులోకి, ఇంకోవైపు సైలెన్సర్‌లోకి పోతుంది. చూసేవాడికి టర్బో సీలు పోయినట్టే కనిపిస్తుంది. కొత్తది వేసినా అంతే.

పూర్తిగా మూసిన బండిని పట్టుకోవడం తేలికే. సగం మూసినవే ప్రాణం తీస్తాయి. కంపెనీ గొట్టం కన్నా సన్నటి నిపుల్ వేస్తారు, ఐడిల్‌లో సరిపోతుంది, ఘాట్‌లో లోడు పడ్డప్పుడు చాలదు. లేదా నీళ్ల గొట్టం ముక్క వేస్తారు, అది ఆయిల్‌కు మెత్తబడి వంపు దగ్గర అతుక్కుపోతుంది. లేదా గొట్టం చివర బుల్లి బ్రీతర్ ఫిల్టర్ తగిలిస్తారు. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. మన గాలిలో చెమ్మ, ఆయిల్ ఆవిరి, దుమ్ము కలిసి కొన్నాళ్లకే దాన్ని పూడ్చేస్తాయి. దగ్గర దగ్గర తిరిగే బళ్లలో గొట్టం కిందికి వేలాడిన చోట తెల్లగా, మీగడలాంటి జిగురు పేరుకుంటుంది. షెడ్డులో ఐడిల్‌లో పెట్టి చూస్తే ఇవన్నీ పాసవుతాయి.

పరీక్ష ఇలా చేయండి. ఇంజిన్ వేడెక్కాక, ఐడిల్‌లో, ఆయిల్ పోసే మూత వదులు చేసి ఊరికే దాని మీదే ఉంచండి. పాత ఇంజిన్‌లో కాస్త వణకడం, కొద్దిగా ఆవిరి రావడం మామూలే. మూత ఎగిరి పడేంత ఊపు ఉంటే ఒత్తిడి ఉన్నట్టే. ఇప్పుడు బ్రీతర్ గొట్టాన్ని టాపెట్ కవర్ దగ్గరే ఊడదీసి మళ్లీ మూత చూడండి. ఒత్తిడి వెంటనే పడిపోతే అడ్డు గొట్టంలోనో నిపుల్‌లోనో ఉంది. గొట్టం తీశాక కూడా ఆ రంధ్రం నుంచి బుసబుసమని పొగ వస్తూనే ఉంటే రింగులు అరిగాయి. అప్పుడు ఫిల్టర్‌ను తిట్టి లాభం లేదు, కంప్రెషన్ చూపించుకోండి.

సగం మూసినదాన్ని పట్టాలంటే ఇంకో చిన్న పని. గొట్టాలన్నీ యథాతథంగా పెట్టి, డిప్‌స్టిక్ తీసి, ఆ రంధ్రానికి ఒక పారదర్శక ప్లాస్టిక్ ట్యూబు గాలి పోకుండా బిగించండి. ట్యూబు పొడుగ్గా ఉండాలి. దాన్ని యు ఆకారంలో వంచి కిందిభాగంలో కొంచెం నీళ్లు పోయండి. ఐడిల్‌లో రెండు వైపులా నీళ్లు దాదాపు ఒకే మట్టంలో ఉండాలి. తర్వాత 2,500 ఆర్‌పీఎం దాకా రేజ్ చేయండి. బయటి వైపు నీళ్లు జానెడు లేస్తే దారి చాలడం లేదు. ఇంజిన్ వైపు కొద్దిగా పీల్చుకుంటే మంచిదే.

మరమ్మతుకు పెద్ద ఖర్చేం ఉండదు. పైపును బండి నుంచి పూర్తిగా తీసి ఆటోనగర్‌లో అల్యూమినియం వెల్డింగ్ చేసేవాళ్ల దగ్గరికి పట్టుకెళ్లండి. పాత నిపుల్ లోపలి సైజుకు తగ్గకుండా కొత్తది వేయించండి. మాఫ్ తర్వాతే రావాలి. ముందు పెడితే ఆయిల్ ఆవిరి సెన్సర్‌కు పట్టేస్తుంది. బండి మీద ఉండగానే డ్రిల్లు పెడతానంటే ఒప్పుకోకండి, ఒక్క లోహపు రజను ముక్క చాలు టర్బో రెక్కలు పాడవడానికి. లోపలి అంచు నునుపు చేసి, పైపు కడిగి, ఆరబెట్టి బిగించండి. గొట్టం ఆయిల్ తట్టుకునే రకం అయ్యుండాలి. ఎక్కడా కిందికి వేలాడకుండా, మడత పడకుండా తీసుకెళ్లండి.

చాలామంది ఇక్కడే కంగారు పడతారు: నిపుల్ వేయించాక కూడా పొగ ఆగదు. ఇంటర్‌కూలర్‌లో అప్పటికే చేరిన ఆయిల్ అలాగే ఉంది మరి. దాన్ని విప్పి వంపేయండి. వంపకుండా పూర్తి ఎక్సలేటర్ తొక్కడం ప్రమాదం కూడా. డీజిల్ ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా తాగి, తాళం తీసినా ఆగకుండా పరుగందుకోగలదు. ఆయిల్ మట్టం కూడా పైగీత దాటకుండా చూడండి, ఎక్కువ పోసినా ఇవే లక్షణాలు. ఇంతా అయ్యాక టర్బో షాఫ్ట్‌ను వేళ్లతో పట్టి కదపండి. పక్కలకు కొద్దిగా ఆడితే పర్వాలేదు. ముందుకూ వెనక్కూ కదిలినా, రెక్క గోడకు రాసుకున్నా అప్పుడు టర్బో గురించి మాట్లాడుకుందాం.

ఫిల్టర్ దాటాక పైపులో దుమ్ము

తెల్లగుడ్డ వేలికి చుట్టి ఫిల్టర్ తర్వాతి పైపు లోపల తుడవండి. పొడి దుమ్ము అంటితే ఎక్కడో సందుంది. ఎక్కువగా ఫిల్టర్ రబ్బరు మెడ సైజు సరిపోక, క్లాంపు బిగిస్తే మడత పడుతుంది. సీలెంట్ పూయకండి, సరైన సైజు ఫిల్టర్ తెచ్చుకోండి. బ్రీతర్ గొట్టం ఊడదీసి నిపుల్ తెరిచి వదిలేసినా ఇదే జరుగుతుంది. సముద్రం ఒడ్డున ఉండేవాళ్లు స్టెయిన్‌లెస్ క్లాంపులు వేసుకోండి, మామూలువి తుప్పు పట్టి ఒక్క వానాకాలంలో పట్టు వదిలేస్తాయి.

మిగతావి

వాన నీళ్లు: బంపర్ వెనక కిందికి ఫిల్టర్ దింపిన బండితో చావులమదుం వంతెన కింద నిలిచిన నీళ్లలోకి దిగకండి. దిగి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ కొట్టొద్దు. లోపల నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తోయించుకుని బయటికి తెచ్చి, గ్లో ప్లగ్‌లు (స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్ లోపల వేడిచేసే ప్లగ్‌లు) విప్పించి నీళ్లు తీయించండి.

ఫిల్టర్ కాటన్ చిరిగి లోపలికి పోవడం, ఇంజిన్ కంప్యూటర్ ఈసీయూ పాడవడం అరుదు. వాటి గురించి ఆలోచించేది పైవన్నీ చూశాకే. ఇంకా తేలకపోతే పాత డబ్బా తిరిగి బిగించి నాలుగు రోజులు నడపండి. జబ్బు అలాగే ఉంటే అది ఫిల్టర్‌ది కాదు.