లైసెన్సు తుపాకీ చోరీ అయితే: ముందే రాసుకోవాల్సిన జాబితా, పోలీసు ఫిర్యాదు, డూప్లికేట్ లైసెన్సు, బీమా క్లెయిమ్

మా పెదనాన్నగారి డబుల్ బ్యారెల్ పోయిన రోజు స్టేషన్‌లో ఎస్‌ఐ గారు అడిగిన మొదటి మాట, "నంబరెంతండీ?" పెదనాన్న దగ్గర జవాబు లేదు. నంబరు లైసెన్సు పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం తుపాకీ ఉన్న బీరువాలోనే ఉంది. దొంగలు రెండూ పట్టుకుపోయారు. లైసెన్సు ఇచ్చిన ఆఫీసులో పాత రికార్డు తిరగేసి నంబరు బయటికి తీసేదాకా ఫిర్యాదులో తుపాకీ గురించి "12 బోర్, పాతది" అన్న రెండు మాటలే ఉన్నాయి. అలాంటి తుపాకులు ఎన్ని లేవు? ఎక్కడైనా దొరికినా అది మాదేనని ఎలా చెప్పగలం? ఈ అవస్థ ఇంకొకరికి రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు జాబితా

దీనికి ప్రభుత్వ ఫారం ఏదీ అవసరం లేదు. ఒక తెల్లకాగితం, ఫోన్ కెమెరా చాలు. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించాక ఒక వ్యక్తి దగ్గర మామూలుగా రెండు తుపాకులకు మించి ఉండకూడదు. కాబట్టి ఇది ఒక్క సాయంత్రం పని.

ప్రతి తుపాకీకీ రకం, బోర్, తయారీ సంస్థ, నంబరు, ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎంతకు కొన్నారో రాయండి. లైసెన్సు నంబరు, యూఐఎన్ (లైసెన్సుదారుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య), లైసెన్సు చెల్లుబాటు తేదీ కూడా వేయండి. నంబరును మాత్రం లైసెన్సు చూసి ఎక్కించకండి. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు సరిచూసుకుని, దాని మీదున్న నంబరునే చదివి రాయండి. డబుల్ బ్యారెల్ అయితే గొట్టాలు విడదీసినప్పుడు కనిపించే చదును భాగం మీద చూడండి, ముందు కర్ర లోపలి ఇనుము మీద కూడా ఉండొచ్చు. రైఫిల్‌కు బోల్టు మీద విడిగా నంబరు ఉంటే అదీ రాయండి. రివాల్వర్‌కు ఫ్రేమ్ మీద, పిడి అడుగున వెతకండి. ఆ తర్వాత లైసెన్సులో ఉన్న నంబరుతో పోల్చండి. చేతిరాత పుస్తకాల్లో 1 కాస్తా 7గా, 3 కాస్తా 8గా మారడం కొత్తేమీ కాదు. తేడా కనిపిస్తే దొంగతనం జరిగేదాకా ఆగకుండా ఇప్పుడే లైసెన్సింగ్ అధికారికి అర్జీ పెట్టి సరిచేయించుకోండి. నంబరు అరిగిపోయిందని మీరే మళ్లీ చెక్కించడం మాత్రం వద్దు. తుపాకీ మీది గుర్తులను చెరిపినా, మార్చినా ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద నేరం.

ఫోటోలు రెండు పక్కలా తీయండి, నంబరును దగ్గరగా తీయండి. కర్ర మీది గీతలు, పగుళ్లు, మరమ్మతు చేసిన చోట్లు వదలకండి. నంబరును దొంగ రాకి చెరిపేసినా, కర్ర మీది పాత మచ్చ తుపాకీ మీదేనని చెబుతుంది. టెలిస్కోప్, పెట్టె, బెల్టు విడివిడిగా రాయండి. మంచి టెలిస్కోప్ ఖరీదు ఒక్కోసారి తుపాకీ ఖరీదునే మించిపోతుంది. దాని మీద కూడా సొంత నంబరు ఉండొచ్చు.

తూటాల లెక్కను చాలామంది పట్టించుకోరు. కొన్నప్పుడల్లా ఎన్ని, వాడినప్పుడల్లా ఎన్ని, మిగిలినవి ఎన్ని అని ఒక చిన్న పట్టీ పెట్టుకోండి. "ఒక పాతిక ఉండొచ్చండి" అని ఫిర్యాదులో రాస్తే, కొన్న లెక్కకూ దానికీ పొంతన లేనప్పుడు ఇబ్బంది పడేది మీరే.

మన దగ్గర ఇంకో ముఖ్యమైన విషయం ఎన్నికలు. ఎన్నికలు వచ్చినప్పుడు తుపాకులు స్టేషన్‌లో జమ చేయమని అడగొచ్చు. జమ చేసిన రసీదును, తిరిగి తీసుకున్న తేదీని జాబితాకు జతచేయండి. తీసుకునేటప్పుడు అక్కడే నంబరు చూసి, కర్రకు కొత్త దెబ్బ తగిలిందేమో చూసి సంతకం పెట్టండి.

జాబితా ఒక కాపీ బ్యాంకు లాకర్లో, ఇంకొకటి నమ్మకమైన ఇంటిమనిషి దగ్గర ఉండాలి. తుపాకీ బీరువాలో పెట్టొద్దు. లైసెన్సు పుస్తకం జిరాక్సు కూడా తుపాకీకి దూరంగా ఉండాలి. వాట్సాప్ గ్రూపుల్లో ఫోటోలు పెట్టకండి. ఏ ఇంట్లో ఏ తుపాకీ ఉందో చెప్పే ఈ కాగితం దొంగ చేతిలో పడితే దారి చూపినట్టే.

చోరీ తెలిసిన వెంటనే

బీరువాను, తలుపును ముట్టుకోకండి. 112కి ఫోన్ చేసి స్టేషన్‌కు వెళ్లండి. తుపాకీ గానీ తూటాలు గానీ పోతే వెంటనే దగ్గరి స్టేషన్‌కు తెలియజేయడం లైసెన్సు షరతుల్లోనే ఉంది. షరతు మీరితే ఆయుధాల చట్టం 30వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. "ఇంట్లో ఒకసారి వెతికి రేపు చెబుదాం" అనుకునే సమయం కాదిది. ఆ రాత్రే ఆ తుపాకీతో ఎక్కడైనా నేరం జరిగితే, మీరు ఎప్పుడు చెప్పారన్నదే మీకు రక్ష.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. కాబట్టి ప్రయాణంలో రైల్లో పోయినా ఊరికి తిరిగొచ్చేదాకా ఆగక్కర్లేదు. ఆన్‌లైన్లో ఫిర్యాదు పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. తుపాకీ విషయంలో నేరుగా వెళ్లడమే మంచిదని నా అభిప్రాయం. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో నమోదు చేయకపోతే అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు.

ఫిర్యాదు ఇలా ఉంటే సరిపోతుంది: "అయ్యా, నా పేరిట ఫలానా లైసెన్సు నంబరు, ఫలానా యూఐఎన్‌తో ఉన్న 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ, నంబరు ఫలానా, దానితో పాటు 14 తూటాలు, ఫలానా తేదీ రాత్రి మా ఇంటి వెనక తలుపు గడియ విరగ్గొట్టి ఎత్తుకుపోయారు. చివరిసారి ఫలానా రోజు సాయంత్రం చూశాను. బీరువా తాళం చెవి నా దగ్గరే ఉంది. నంబరు, ఫోటోలు, లైసెన్సు కాపీ జతచేశాను." గడియ విరిగిందా, తాళం పగిలిందా అన్నది తప్పకుండా రాయండి. బీమా దగ్గర ఆ ఒక్క వాక్యానికే విలువ.

లైసెన్సు అధికారికి అర్జీ

ఎఫ్‌ఐఆర్ చేతికి రాగానే లైసెన్సు ఇచ్చిన అధికారికి రాతపూర్వకంగా తెలపండి. జిల్లాల్లో మామూలుగా కలెక్టరేట్, కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్ కార్యాలయం. లైసెన్సు పుస్తకం కూడా పోతే డూప్లికేట్ కోసం అదే అర్జీలో విడిగా అడగండి. ఎఫ్‌ఐఆర్, గుర్తింపు కార్డు, పాత లైసెన్సు జిరాక్సు జతచేసి, మీ కాపీ మీద ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకోండి. ఆయుధాల లైసెన్సుల జాతీయ పోర్టల్‌లో కూడా మీ యూఐఎన్ కింద వివరాలు మారాయో లేదో తర్వాత సరిచూసుకోండి. పోయినదాని బదులు వేరే తుపాకీ కొనాలంటే లైసెన్సులో పాత నమోదు తీసివేయించి అనుమతి పొందాలి. బీమా డబ్బు వచ్చినంత మాత్రాన కొత్తది కొనే హక్కు రాదు.

బీమా

నిరాశపడేది ఎక్కువగా ఇక్కడే. ఇంటికి బీమా ఉంది కదా అని ధీమాగా ఉంటారు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీలో అగ్నిప్రమాదం, వరద లాంటివి వస్తాయి. చోరీ మాత్రం, అలాంటి ప్రమాదం కారణంగా, అది జరిగిన ఏడు రోజుల్లోపు జరిగితేనే వర్తిస్తుంది. మామూలు రోజున ఇంట్లో దొంగలు పడితే దాని కింద రూపాయి రాదు. బర్గ్లరీ కవర్, అంటే ఇంట్లో దొంగతనానికి ఇచ్చే బీమా, విడిగా తీసుకోవాలి. అందులోనూ బలవంతంగా చొరబడిన ఆనవాళ్లు అడుగుతారు. పనిమనిషో బంధువో తాళం తీసి పట్టుకెళ్తే వర్తిస్తుందా అన్నది ముందే కంపెనీని రాతపూర్వకంగా అడగండి. జాబితా కాపీ ఇచ్చి, తుపాకీని పేరు, నంబరు, విలువతో సహా పాలసీలో రాయించండి. పేలుడు పదార్థాలను పాలసీలు మినహాయిస్తాయి కాబట్టి తూటాల సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. తాతల నాటి తుపాకీకి బిల్లు ఉండదు. లైసెన్సున్న ఆయుధ డీలర్ చేత లెటర్‌హెడ్ మీద విలువ రాయించుకుంటే అది బిల్లు స్థానంలో పనికొచ్చే అవకాశం ఉంది.

చోరీ జరిగాక పాలసీలో చెప్పిన గడువులోపు కంపెనీకి తెలపండి, క్లెయిమ్ నంబరు తీసుకోండి. నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చేలోపు విరిగిన గడియ ఫోటోలు తీసి ఉంచండి. ఎఫ్‌ఐఆర్, లైసెన్సు, జాబితా, బిల్లు లేదా విలువ పత్రం ఇచ్చాక, ఆచూకీ దొరకలేదన్న పోలీసుల తుది నివేదిక అడుగుతారు. అది రావడానికి నెలలు పట్టవచ్చు. స్టేషన్‌కు రెండు వారాలకోసారి వెళ్లి అడుగుతూ ఉండండి. కంపెనీకి ఫిర్యాదు చేసిన నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది సమ్మతం కాకపోయినా, ఏడాదిలోపు బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారి, అంటే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు.

తుపాకీ దొరికితే

పట్టుబడిన తుపాకీ కోర్టు ఆధీనంలో ఉంటుంది. విచారణ జరుగుతుండగానే దాన్ని అప్పగించమని మేజిస్ట్రేట్‌కు పిటిషన్ వేయవచ్చు. నాగరిక్ సురక్షా సంహితలో 497, 503 సెక్షన్లు అందుకే ఉన్నాయి. ఆ పిటిషన్‌కు జతచేయాల్సింది మళ్లీ ఆ జాబితా, ఆ ఫోటోలే. అప్పటికి లైసెన్సు గడువు తీరిపోయి ఉండకూడదు. బీమా డబ్బు ముందే తీసుకుని ఉంటే, తుపాకీ దొరికిన సంగతి మొదట కంపెనీకి రాసి, వాళ్ల లిఖితపూర్వక సమ్మతి వచ్చాకే పిటిషన్ వేయండి.