గుడారంలో ఒక రాత్రి – మూడవ పాఠం: చోటు ఎంచుకోవడం

గుడారాన్ని ఇంటి ముంగిట వేసి విప్పడం కిందటి పాఠంలో అభ్యసించాము. ఈసారి దానిని బయలులో ఎక్కడ వేయాలో తెలుసుకుందాం. నా దృష్టిలో ఈ విద్యలో సగభాగం ఇదే. చోటు మంచిదైతే సాధారణమైన గుడారం కూడా రాత్రిని సుఖంగా గడిపిస్తుంది.

ముందుగా నీటి సంగతి. మన కడప జిల్లాలో ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయి ఉండే వంకలు మెత్తని ఇసుకతో, చదునుగా, పడుకోవడానికే పరచినట్లు కనిపిస్తాయి. మొదటిసారి నేను అలాంటి వంకలోనే గుడారం వేశాను. మా మీద ఒక్క చుక్క కూడా పడలేదు కాని, ఎగువన కొండల్లో కురిసిన వాన నడిరాత్రి మా పక్కల కిందికి వచ్చింది. అప్పటి నుంచి వంక ఒడ్డున పొదల కొమ్మలను పట్టుకొని ఎండిపోయిన గడ్డి, చెత్త కోసం వెతకనిదే నేను మూట దించను. ఆ చెత్త ఎంత ఎత్తున ఉంటే కనీసం అంత ఎత్తుకు నీరు వచ్చి వెళ్లిందని అర్థం. మన చోటు దానికంటే బాగా పైన ఉండాలి. పల్లంలో మరొక ఇబ్బంది కూడా ఉంది: రాత్రివేళ చల్లగాలి బరువెక్కి అక్కడికే దిగుతుంది.

ఇక జమ్మలమడుగు దగ్గరి గండికోటకు వద్దాం. పెన్న కోసిన లోయ అంచున పడుకోవాలని అందరికీ ఉంటుంది. అంచున కూర్చొని చూడండి, పడుకోవడానికి మాత్రం బాగా వెనక్కి రండి. చీకట్లో నిద్రకళ్లతో లేచినవారికి అంచు ఎటున్నదో తెలియదు. అక్కడి నేల చాలాచోట్ల గట్టి బండ కనుక మేకులు దిగవు. చిన్న రాయికి తాడు చుట్టి, దానికి గుడారం వైపున ఒక పెద్ద రాయిని తాడు మీదనే పెట్టాలి. గాలి లాగినప్పుడు చిన్నది పెద్దదానికి ఆనుకొని నిలుస్తుంది. తెల్లవారిన తరువాత రాళ్లను తీసిన చోటనే పెట్టాలి. కోట గోడల నుంచి రాలిన రాళ్లను అసలు ముట్టవద్దు.

మైపాడు వంటి సముద్రతీరానికి వెళ్లినప్పుడు ఇసుకలోనూ మేకు నిలవదు. సంచిలో ఇసుక నింపి, సంచి నడుముకు గుడారం తాడు కట్టి, మూరెడు లోతున పాతిపెట్టాలి. ఎండిన నాచు, గవ్వలు గీతలా పేరుకున్న చోటు వరకు పోటు వస్తుంది. పౌర్ణమికి, అమావాస్యకు ఇంకా పైకి వస్తుంది.

అడవిలో తలపైన ఎండుకొమ్మలు, పక్కన పుట్టలు లేని చోటు చూడాలి. అయితే అభయారణ్యంలోకి వెళ్లడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి తప్పనిసరి. లంకమల అటువంటిదే. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది ఈ ప్రాంతపు చిట్టడవిలోనే. అది రాత్రి తిరిగే పక్షి. దాని చీకటిని మన దీపాలతో, మంటలతో చెరపడం నాకు భరించరాని విషయం.

అభ్యాసం: ఈ వారం మీ ఊరి వంక ఒడ్డుకు పగటివేళ వెళ్లి, కొమ్మలకు పట్టిన చెత్త ఎత్తును కొలిచి, గుడారానికి తగిన మూడు చోట్లను గుర్తించి, ఒక్కొక్కదానిని ఎందుకు ఎంచుకున్నారో రాసుకోండి. వచ్చే పాఠంలో తాగునీటిని తీసుకుందాం.