చిన్న జనరేటర్ మొండికేస్తే

తాడు ఎంత లాగినా స్టార్ట్ కావడం లేదు

ప్లగ్ పానా తీసే ముందు ఆయిల్ చూడండి. పెట్రోలుందా, కాక్ తెరిచామా, స్విచ్ వేశామా అని అందరూ చూస్తారు. ఆయిల్ జోలికి మాత్రం ఎవరూ పోరు. చాలా మోడళ్లలో ఆయిల్ తగ్గితే లోపలి సెన్సర్ స్పార్క్‌ని ఆపేస్తుంది. ఆయిల్ సరిపడా ఉన్నా, మిషన్‌ని వాలుగా పెడితే అంతే. చదునైన చోటికి జరిపి, చల్లారాక డిప్‌స్టిక్ చూడండి. "కాయిల్ (స్పార్క్ పుట్టించే భాగం) పోయింది" అని నా దగ్గరికి తెచ్చిన మిషన్లలో ఎన్నింటికో నేను చేసిన రిపేరు ఆయిల్ పోయడమే.

ఆ తర్వాతే ప్లగ్. తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది, తుడిచి ఆరబెట్టి చోక్ లేకుండా లాగండి. ఎన్నిసార్లు లాగినా పొడిగానే ఉంటే పెట్రోలు అందడం లేదు. ప్లగ్ కొనల మధ్య గ్యాప్ మామూలుగా 0.7 నుంచి 0.8 మి.మీ.

చోక్ వేస్తేనే నడుస్తోంది

నెలల తరబడి మూలన పడేసిన మిషన్‌లో పెట్రోలు జిగురై కార్బురేటర్ జెట్‌ని, అంటే పెట్రోలు వచ్చే సన్న చిల్లున్న ముక్కని, పూడ్చేసింది. కాక్ కట్టేసి, కార్బురేటర్ అడుగున ఉండే గిన్నె (బౌల్) విప్పి, జెట్ తీసి, క్లీనర్ కొట్టి గాలి ఊదండి. ఇనుప తీగతో పొడవొద్దు, చిల్లు పెద్దదైతే కొత్త జెట్టే. మళ్లీ మూలన పెట్టే రోజు కాక్ కట్టేసి, దానంతట అది ఆగేదాకా నడవనివ్వండి.

అరగంట నడిచి ఆగిపోతోంది, కాసేపాగితే మళ్లీ నడుస్తోంది

నన్ను ఏడిపించింది ఇదే. వేడెక్కి ఆగుతోంది, చల్లారి నడుస్తోంది, ఇంకేముంది, కాయిలే అనుకున్నాను. కొత్త కాయిల్ వేశాను. ప్లగ్ మార్చాను. కార్బురేటర్ రెండుసార్లు విప్పాను. అయినా అరగంటకి టక్కున ఆగేది. చివరికి దొంగ ట్యాంకు మూతలో దొరికాడు.

నూనె డబ్బాకి ఒకే చిల్లు పెడితే ధార సరిగ్గా రాదు, గాలి పోవడానికి రెండోది కావాలి. ట్యాంకుకి ఆ రెండో చిల్లు మూతలో ఉంటుంది. దుమ్ముతో అది పూడిపోతే, పెట్రోలు దిగేకొద్దీ లోపల గాలి పలచబడి, ఒక దశలో పెట్రోలు దిగడమే మానేస్తుంది. పెట్రోలుందో లేదో చూద్దామని మనం మూత తీస్తాం, గాలి లోపలికి పోతుంది, ఇంజిన్ నడుస్తుంది. చూడ్డమే వైద్యమైపోతే జబ్బు ఎలా దొరుకుతుంది? ఇంకో గుర్తు: ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు తొందరగా ఆగుతుంది, సగముంటే ఎక్కువసేపు లాగుతుంది.

ఆగిన వెంటనే మూత మెల్లగా వదులు చేసి చెవి పెట్టండి. సుయ్‌మని గాలి పీల్చుకుంటే ఇదే. మూతని పెట్రోలుతో కడిగి గాలి ఊదండి, తెరుచుకోకపోతే కొత్త మూత వేయండి. మూత వదిలేసి నడపొద్దు, పక్కనే సైలెన్సర్ కాలుతుంటుంది. కొన్ని మోడళ్ల మూత మీద గాలి కోసం ఆన్, ఆఫ్ మీట ఉంటుంది. దాన్ని ఆన్ చేయడం మర్చిపోయినా ఇదే తంతు.

ఈ పరీక్షలన్నీ ఆరుబయటే. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తలుపు తెరిచి పెట్టినా గదిలో నడపొద్దు.

ఇంజిన్ నడుస్తోంది, కరెంటు లేదు

బ్రేకర్ పడిపోయిందేమో చూడండి. లోడ్ తీసేసి పైకి ఎత్తండి. అప్పటికీ రాకపోతే, తిరిగే రోటర్‌కి కరెంటు అందించే బ్రష్‌లు గానీ, ఓల్టేజీని అదుపు చేసే ఏవీఆర్ గానీ పోయి ఉంటుంది. వైండింగ్ (లోపలి తీగచుట్ట) కాలడం అరుదు, కాలితే వాసనే చెబుతుంది.