వెనక కాలు బరువు మొయ్యాలి: ఆల్పైన్ వచ్చినవాళ్లు టెలిమార్క్ నేర్చుకోవడం

ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి డెన్వర్‌కో సియాటిల్‌కో వెళ్లి అక్కడ స్కీయింగ్ పిచ్చి పట్టించుకున్నవాళ్లు ఉన్నారు, గుల్మార్గ్‌లో కోర్సు చేసి వచ్చినవాళ్లూ ఉన్నారు. కొన్ని సీజన్లు గడిచాక బ్లాక్ రన్ అనే బాగా కష్టమైన వాలు కూడా మామూలైపోతుంది. అప్పుడే పక్కనుంచి ఎవరో మడమ గాల్లోకి లేపి, మోకాళ్లు వంచి, ఒక కాలు ముందు ఒక కాలు వెనకగా మలుపు తిప్పుకుంటూ పోతారు, ఇదేందబ్బా అనిపిస్తుంది. అదే టెలిమార్క్. ఈ వ్యాసం అది చూసి మనసు పడ్డవాళ్ల కోసం. స్కీ అసలు రానివాళ్లు ముందు మామూలుది, అంటే మడమ స్కీకి బిగించి ఉండే ఆల్పైన్, నేర్చుకుని రండి.

పేరు నార్వేలోని ఒక ప్రాంతానిది. అక్కడి మోర్గెడాల్ ఊరివాడు సోండ్రే నోర్‌హైమ్ 1868లో ఇప్పటి ఓస్లోలో జరిగిన పోటీకి వెళ్లి ఈ మలుపుతో జనాన్ని ఆశ్చర్యపరిచాడు. తర్వాత బూట్‌ని స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌లలో మడమ కూడా బిగించేవి వచ్చాక ఇది పక్కకి పోయింది, 1970లలో అమెరికాలో కొలరాడో కొండల్లో మళ్లీ లేచింది. టీవీలో స్కీ జంపింగ్ చూసేవాళ్లకి ఇది తెలియకుండానే తెలుసు, దూకినవాడు ఒక కాలు ముందుకి పెట్టి నేల మీద వాలేది ఈ భంగిమలోనే.

అసలు సంగతికి వద్దాం. ఆల్పైన్‌లో మీరు ఇన్నాళ్లు ఒళ్లంతా నేర్చుకున్నది ఒకటే: మలుపులో బయటి స్కీ మీద నిలబడు, బూట్ ముందుభాగం మీదకి మోకాలి కింద ముందరి ఎముక నొక్కు. పైగా అక్కడ లోపలి స్కీ మొన కొంచెం ముందుకి ఉంటుంది. టెలిమార్క్‌లో ఇది తిరగబడుతుంది. బయటి స్కీ ముందుకి పోతుంది, లోపలి స్కీ వెనక్కి వస్తుంది. ఎడమకి తిరుగుతుంటే కుడికాలు ముందు, ఎడమకాలు వెనక, ఆ ఎడమ మడమ లేచి ఉంటుంది. బరువు రెండిటి మీదా సుమారు సగం సగం పడాలి. అనుభవమున్న ఆల్పైన్‌వాళ్లు దొరికిపోయేది ఇక్కడే. బరువంతా అలవాటుగా ముందున్న బయటి కాలి మీద వేసేసి, వెనక కాలిని ఊరికే ఈడ్చుకుంటూ పోతారు. చూడ్డానికి ఫొటోలో టెలిమార్క్ లాగే ఉంటుంది, కానీ జోడెద్దుల్లో ఒకటే లాగుతున్న బండి లాగా కాస్త గతుకు రాగానే మొత్తం పక్కకి పోతుంది.

కాబట్టి నేర్చుకోవాల్సింది ప్రధానంగా వెనక కాలు. దానికి మంచు అక్కర్లేదు. వేసవిలో ఇంటికొచ్చి ఉలవపాడు మామిడిపళ్లు తింటూ ఏసీ కింద పడుకునే బదులు పొద్దున్నే ఎండ ఎక్కకముందు కొత్తపట్నం బీచ్‌కో మైపాడుకో పోండి. చెప్పులు విప్పి తడి ఇసుక మీద నిలబడి, ఒక పాదాన్ని ఇంకో పాదం పొడవంత ముందుకి పెట్టండి, రెండు మోకాళ్లూ వంచండి, వెనక మడమ లేపండి. వెనక కాలు బొటనవేలి కొస మీద కాదు, వేళ్ల మొదట్లో ఉండే మెత్తటి భాగం మొత్తం మీద, అందులోనూ చిటికెన వేలి వైపు నొక్కి నిలబడాలి, ఎందుకంటే మలుపులో ఆ స్కీ అంచు దిగేది ఆ వైపే. పక్కకి జరిగి గుర్తులు చూడండి. వెనక పాదం ముందుభాగం లోతుగా దిగి ఉండాలి. పైపైన గీసినట్టుంటే మీరు దాని మీద నిలబడలేదని అర్థం. ఇంకో పరీక్ష, ఆ భంగిమలోనే ముందరి పాదాన్ని ఒక్క అంగుళం లేపి చూడండి, తూలకుండా లేపగలిగితే బరువు వెనక ఉంది.

తర్వాత కాళ్లు మార్చడం. ఎగిరి మార్చొద్దు. ముందున్నది వెనక్కి, వెనకున్నది ముందుకి ఒకేసారి, మెల్లగా, నాలుగు లెక్కపెట్టేంతసేపు జారాలి. పొడి ఇసుకలో పాదం కూరుకుపోతుంది కాబట్టి దీన్ని మేడ మీద నున్నటి గచ్చు మీద సాక్సులతో చేస్తే సరిగ్గా వస్తుంది. వారంలో తొడలు పట్టేస్తాయి, పట్టనీయండి. మోకాలి నొప్పి ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌ని అడగండి, ఇది మోకాళ్ల ఆట.

సామాను గురించి ఎక్కువ చెప్పను. స్కీలు మామూలు ఆల్పైన్‌వే సరిపోతాయి, బూట్లూ బైండింగ్‌లూ వేరు. బూట్ ముందు ముడతలు ముడతలుగా ఉండి అక్కడ వంగుతుంది. మీ వేళ్లు వంగే చోటే ఆ ముడత రావాలి, సైజు పెద్దదైతే అది వేళ్ల మీద కొరుకుతుంది. బైండింగ్‌లలో పాతది 75 మిల్లీమీటర్ల పద్ధతి, బూట్ ముందు బాతు ముక్కులా పలక ఉంటుంది. కొత్తది 2007లో వచ్చిన ఎన్‌టీఎన్ (న్యూ టెలిమార్క్ నార్మ్). ఆల్పైన్ నుంచి వచ్చేవాళ్లకి నా ఓటు ఎన్‌టీఎన్‌కే, పక్కలకి గట్టిగా పట్టుకుంటుంది, మీకు అలవాటైన అదుపు దొరుకుతుంది. గుల్మార్గ్‌లోనో ఔలీలోనో అద్దెకి దొరుకుతుందని నమ్ముకుని మాత్రం పోకండి, వెంట తీసుకెళ్లేలా ప్లాన్ చేసుకోండి. మోకాలి ప్యాడ్‌లు తప్పనిసరిగా కొనండి. వెనక మోకాలు స్కీకో, మంచు కింద దాగిన రాయికో తగులుతుంది.

మంచు మీదకి వెళ్లాక మొదటి పూట సులువైన, బాగా చదును చేసిన వాలులోనే ఉండండి, పరువు పోతుందనే టెన్షన్ వద్దు. ముందు రెండు మడమలూ కింద ఉంచి మీకొచ్చిన ఆల్పైన్ మలుపులే తిప్పండి. అలవాటుగా ముందుకి వాలితే మడమ పట్టుకునేది ఏమీ లేదు కాబట్టి నేరుగా మొహం మీద పడతారు. పాదాల మధ్యలో నిలబడటం అలా తెలిసొస్తుంది. తర్వాత తిన్నగా జారుతూ భంగిమలోకి దిగడం, కాళ్లు మార్చడం, బీచ్‌లో చేసిందే. అది కుదిరాక వాలుకి అడ్డంగా పోతూ పైకాలు వెనక, కిందికాలు ముందు పెట్టుకుని, మధ్యమధ్యలో ముందరి స్కీని కొంచెం లేపి చూసుకోండి. అక్కణ్ణుంచి కొండవైపుకి తిరిగి ఆగే సగం మలుపు, ఆ తర్వాతే మలుపులు కలపడం.

కలిపేటప్పుడు చాలామంది ముందు ఆల్పైన్ మలుపు మొత్తం తిప్పేసి చివర్లో మోకాలు వంచుతారు. అది దొంగ టెలిమార్క్. కాళ్లు మారడమే మలుపు. స్కీలు అంచు వదిలి చదునైనప్పుడు మార్పు మొదలై, మలుపు పొడుగునా సాగి, చివర్లో పూర్తవ్వాలి. టక్కున మార్చేసి అక్కడే బిగుసుకుపోతే తూలతారు. ఇంకోటి, బయటి కాలు ముందుకి పోతుంటే నడుము కూడా దాని వెంట లోపలికి తిరిగిపోతుంది. ఛాతీ, చేతులు లోయ వైపే ఉంచండి. మరీ నెమ్మదిగా పోయినా బ్యాలెన్స్ కుదరదు, కొంచెం వేగం కావాలి.

ఫొటోల్లో మోకాలు స్కీకి ఆనించి దిగేవాళ్లని చూసి అంత కిందికి పోకండి. అంత కిందికి దిగితే గతుకొచ్చినప్పుడు వంగడానికి ఇంకేమీ మిగలదు, పది మలుపులకే తొడలు చేతులెత్తేస్తాయి. ముందు వెనక పాదాల మధ్య ఎడం తక్కువగా ఉంచి, కాస్త ఎత్తుగా నిలబడండి. లోతైన పొడి మంచులో ఇది ఎంత హాయిగా ఉంటుందో గట్టి ఐసు మీద అంత కష్టం, మొదట్లో ఐసు రోజుల్లో మీ పాత స్కీలే వేసుకోండి.

ఒక్క విషయం తేలిగ్గా తీసుకోవద్దు. చాలా టెలిమార్క్ బైండింగ్‌లు ఆల్పైన్‌వాటిలా ప్రమాణం ప్రకారం పడగానే విడిపోవు. మామూలు వాలులో దానివల్ల మోకాలికీ చీలమండకీ ముప్పు, మంచు పెళ్లలు విరిగి జారే కొండల్లో ఇంకా పెద్ద ముప్పు, స్కీలు కాళ్లకే ఉండిపోయి మనిషిని మంచు కిందికి లాగుతాయి. విడిపోయే రకాలు కొన్ని ఉన్నాయి, రిసార్ట్ దాటి బయటికి పోయే ఉద్దేశముంటే కొనేటప్పుడే దుకాణంలో అది అడగండి.